నూట యాభై రెండో పేజీ

అమీర్‌పేట,
8 జూన్ 2025

చి. కేదార్‌కు,

నాలుగు కాదు, మూడు.

నా నోట్సులో నాలుగు తప్పు జవాబులున్నాయని, మీ యాప్‌లో పిల్లలు గోల పెడుతున్నారని, ఇంకా ఉంటే జాబితా పంపమని రాశావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటర్ ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. నా తప్పులెన్నో నాకు తెలుసు. ముప్ఫై ఏడో పేజీలో సంవర్గమానాల లెక్కకు జవాబు 9. అక్కడ 7 అని ఉంటుంది. ఎనభై ఎనిమిదిలో ఒక మైనస్ ఉండదు. నూట తొంభైలో కోణం అరవై డిగ్రీలు, ముప్ఫై అని ఉంటుంది. అంతే. ఆ మూడూ పొరపాట్లు కావు, కావాలని పెట్టినవి.

అప్పట్లో అమీర్‌పేటలో ఒక లెక్చరరు సాయంత్రం నోట్సు రాస్తే, తెల్లారేసరికి అది నాలుగు జిరాక్సు షాపుల్లో వేరేవాళ్ళ పేరు అట్ట వేసుకుని కూర్చునేది. ఎవరికి చెప్పినా నవ్వేవారు. అందుకని మెట్లన్నీ సరిగ్గా రాసి, చివరి జవాబు మాత్రం మార్చేదాన్ని. క్లాసులో కూర్చున్న పిల్లలకు నోటితో చెప్పేదాన్ని, దిద్దుకోండమ్మా అని. ఆ దిద్దుబాటు కాగితం మీద ఎక్కడా ఉండదు. ఎవరి పుస్తకంలో ఆ 7 కనిపిస్తే వాళ్ళు దొంగలు. ఈ పద్ధతి నాది. దీంతో ఆరుగురిని పట్టుకున్నాను. ఏడోవాడు నా మనవడవుతాడని అనుకోలేదు.

మైత్రీవనం వెనక సందులో జిరాక్సు ఓదెలు ఒక్కడికే ఆ దిద్దుబాట్లు చెప్పాను. నా నోట్సు అమ్ముకోమని అనుమతిచ్చిందీ అతనికే. కొన్న ప్రతి పిల్లకీ చిన్న చీటీ మీద మూడు అంకెలు రాసిస్తాడు. అంటే మీ కంపెనీ దగ్గర తప్పులున్న పుస్తకం ఉంది, ఓదెలు దగ్గర ఒప్పులున్న పుస్తకం ఉంది. ఇక్కడివరకు అర్థమైందా? ఇప్పుడు విను. గురువారం ఓదెలుకు మీ కంపెనీ లాయరు నోటీసు వచ్చింది. కాపీరైటు ఉల్లంఘనట. పదిహేను రోజుల్లో ఆపకపోతే కోర్టుట. అది పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు.

"మేడం, గిదేందో మీ మనుమని కంపెనీ నుంచే ఒచ్చింది. రాసింది మీరు, అమ్ముకోమన్నది మీరు, గిప్పుడు దొంగను నేనైన. జర మీ పిలగానికి చెప్పరాదు?" అన్నాడు.

ఏం చెప్పను? జనవరిలో నువ్వొచ్చి, పుస్తకం అంచులు పురుగు తినేస్తోంది అమ్మమ్మా, స్కాన్ చేసి భద్రం చేస్తానన్నావు. కంపెనీ తరఫున శాలువా కప్పావు. ఒక కాగితం పెట్టి, ఫార్మాలిటీ, సంతకం పెట్టమన్నావు. బజ్జీల పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివేదాన్ని, అది మాత్రం చదవలేదు.

ఇంకొక్క ప్రశ్న. ఈ సందులో ఉన్న ఓదెలు అడ్రసు బెంగళూరులో నీకు తప్ప ఎవరికి తెలుసు?

ఫోను చేయకు. చెవి మిషనులో బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి కొనలేదు. ఈమధ్య వినదగినవేవీ వినపడలేదు కనక నష్టం తెలియడం లేదు. పైగా ఫోనులో నువ్వు ప్రతిదానికీ "సరే అమ్మమ్మా" అంటావు, రాతలో అనవు. ఎప్పటిలాగే ఓదెలు షాపుకు మెయిల్ చెయ్యి, ప్రింటు తీసిస్తాడు. ముందు తనే చదువుతాడు, అది వేరే సంగతి.

శాలువా రంగు దిగింది. తుడుపుగుడ్డగా బాగుంది.

మీ అమ్మమ్మ
వరలక్ష్మి

*

బెంగళూరు,
11 జూన్ 2025

అమ్మమ్మా,

ఓదెలు అన్న అడ్రసు నేను ఇవ్వలేదు. నీ పుస్తకం చివరి పేజీలో నీ చేత్తోనే రాసి ఉంది: "ప్రతులకు: ఓదెలు జిరాక్స్, మైత్రీవనం వెనక." లీగల్ వాళ్ళు అది చదివి నోటీసు పంపారు. అమీర్‌పేటలో ఇంకో పదకొండు షాపులకు కూడా వెళ్ళాయి. పంపిన తర్వాతే నాకు తెలిసింది.

సంతకం సంగతి. అది కాపీరైటు బదిలీ పత్రం. ఆ మాట నీకు చెప్పాను. చదివి వినిపించనా అని కూడా అడిగాను. "నువ్వు తెచ్చిన కాగితం నేను చదవాలట్రా?" అన్నావు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో నీకు తెలీదు. ఇప్పుడు నేనేదో మోసం చేసినట్టు రాస్తున్నావు. తప్పుడు జవాబులు కావాలని పెట్టానని జనవరిలో ఒక్క మాట చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా? ఎనిమిది వేల మంది పిల్లలు ఆ జవాబులతో ప్రాక్టీసు చేశారు. ఆ కంటెంటు తెచ్చింది నేను. మా హెడ్ ఫణీంద్ర గారు రోజుకు రెండుసార్లు పిలిచి "మీ గ్రాండ్‌మదర్ ఇంకా ఎన్ని పెట్టారు?" అని అందరి ముందూ అడుగుతున్నారు.

అయినా ఇంత బాధ ఎందుకు? నీ పుస్తకం ఎక్కడికీ పోలేదు, నా బీరువాలో ఉంది. కంప్యూటర్లో ఉన్నది నోట్సు కాదు, నంబర్లు. సున్నాలు, ఒకట్లు. నంబర్లు ఎవరి సొత్తూ కాదని నువ్వే చెప్పేదానివి కదా.

తప్పులు మాత్రం నాలుగే. 37, 88, 190, ఇంకొకటి 152. దానికి సరైన జవాబేమిటో చెప్పు చాలు. ఓదెలు అన్నా, ముందు నువ్వే చదువుతున్నావట కదా, నా మీద కోపం పెట్టుకోకు.

కేదార్

*

అమీర్‌పేట,
14 జూన్ 2025

కేదార్‌కు,

నీ ఉత్తరం చివరి వాక్యం చదివి ఓదెలు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడవలసినవాళ్ళ వరుసలో అతను చివర ఉన్నాడని చెప్పి పంపాను.

నంబర్లు ఎవరి సొత్తూ కాదన్నావు. మరి మీ కంపెనీ దేనికి యజమాని? నీకు నాలుగో ఎక్కం నేర్పినదాన్ని, కొంచెం ఓపిక పట్టి విను.

నా పుస్తకాన్ని మిషను సున్నాలూ ఒకట్లుగా మార్చిందన్నావు. ఆ సున్నాలనూ ఒకట్లనూ మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే వరుసలో పెడితే ఒక పూర్ణ సంఖ్య వస్తుంది. చాలా పెద్దది. రాయడానికి కూర్చుంటే పంజాగుట్ట శ్మశానానికి చేరేలోపు పూర్తవదు. అయినా సంఖ్యే. దానికి ముందొకటి, తర్వాతొకటి ఉంటాయి. సరిసంఖ్యా, బేసిసంఖ్యా అని అడిగితే చివరి అంకె చూసి చెప్పొచ్చు. నేను పుట్టకముందూ అది ఉంది, మీ కంపెనీ మూతపడ్డాకా ఉంటుంది. ఇప్పుడు మీ లాయరును అడుగు. ఆ సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది కూడా మీదేనా? రెండు కలిపితే? ఎక్కడిదాకా మీది? పొలానికైతే గట్టుంటుంది, అంకెలకు గట్టు ఎక్కడ వేశారు?

ఇంకొకటి. ఓదెలు పొద్దస్తమానం నాణెం ఎగరేసి, బొమ్మకు ఒకటి, బొరుసుకు సున్నా చొప్పున పెద్ద సంఖ్య ఒకటి రాసుకున్నాడనుకో. నా పుస్తకం సంఖ్యలోంచి దాన్ని తీసేసి, మిగిలింది మా పనిమనిషి సత్తెమ్మకు ఇచ్చాననుకో. ఓదెలు దగ్గర ఉన్నది బొమ్మాబొరుసు. సత్తెమ్మ దగ్గర ఉన్నదాన్ని చూసినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇద్దరూ కూడిక చేస్తే మాత్రం నా పుస్తకం వస్తుంది. నోటీసు ఎవరికి పంపుతారు? ఓదెలుకా, సత్తెమ్మకా, కూడికకా? సత్తెమ్మను అడిగితే, "అమ్మా, నాకేం ఇయ్యకు, ఉన్న లొల్లి చాలు" అంది. మీ లాయరు కంటే తెలివైనది.

ఇక నూట యాభై రెండు. ఆ పేజీలో నేనేమీ పెట్టలేదు. నీ మిషను తప్పు చదివి ఉంటుంది. బీరువా తీసి అసలు పుస్తకం చూడు. ఎదురుగా మనిషి ఉంటే నమ్మకపోవడం, మిషను చెప్తే నమ్మడం మీ తరానికి అలవాటు.

ఓదెలు నా నోట్సును షెల్ఫులోంచి తీసేశాడు. ఇరవై ఆరేళ్ళు ఉన్న చోట ఇప్పుడు ఫోను కవర్లు వేలాడుతున్నాయి. పొద్దున ఒక పిల్ల వచ్చి "వరలక్ష్మి నోట్సు ఉందా అంకుల్?" అని అడిగితే, "అసొంటిది మా దగ్గర ఎన్నడూ లేదమ్మా" అన్నాడట. నాతో చెప్పి తలదించుకున్నాడు. నా పేరు పలకడం నేరమైన మొదటి రోజు ఇది. తారీఖు రాసి పెట్టుకో.

వరలక్ష్మి

*

బెంగళూరు,
18 జూన్ 2025

అమ్మమ్మా,

నీ ప్రశ్నలు మా లాయరుకు చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. "ఆవిడ చెప్పిన లెక్కంతా కరెక్టే. కానీ చట్టం ఆ సంఖ్య ఏమిటని అడగదు, అది నీ దగ్గరికి ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతుంది. ఒకే సంఖ్య ఇద్దరి దగ్గర ఉండొచ్చు. ఒకరు సొంతంగా కష్టపడి చేరుకుంటే తప్పు లేదు, రెండోవారు పక్కవాళ్ళ పుస్తకంలోంచి దింపుకుంటే దొంగతనం. సంఖ్యకు జ్ఞాపకం ఉండదు, మనుషులకు ఉంటుంది" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. సరైన జవాబు మీద ఎవరికీ హక్కుండదట. ఎవరు చేసినా అదే వస్తుంది కాబట్టి. కాపీ కొట్టారని రుజువయ్యేది ఎప్పుడూ తప్పులతోనేనట. నువ్వు ముప్ఫై ఏళ్ళ క్రితమే ఆ పని చేశావని చెబితే "బ్రిలియంట్ లేడీ" అన్నారు. నీకు చెప్పమన్నారు.

అసలు పుస్తకం చూశాను. మిషను తప్పు కాదు. 152లో నీ చేతిరాతే, నీలం సిరా, జవాబు 1440 అని ఉంది, కింద గీత కూడా గీశావు.

ఇప్పుడు అసలు విషయం. ఫణీంద్ర గారిని బతిమాలి ఒక దారి కనుక్కున్నాను. జతచేసిన కాగితం మీద నువ్వు సంతకం పెట్టాలి. ఒక్కటే వాక్యం: "ఈ 212 పేజీలూ పూర్తిగా నా స్వంత రచన." అది వస్తే నీ పేరు యాప్‌లో పెడతారు, ఓదెలు అన్న మీద నోటీసు వెనక్కి తీసుకుంటారు, నా మీద ఎంక్వయిరీ ఆపేస్తారు. ముగ్గురికీ మంచిది. నిజమే కదా రాసింది? ఈసారి చదివే సంతకం పెట్టు.

గడువు సోమవారం.

కేదార్

*

అమీర్‌పేట,
20 జూన్ 2025

కేదార్‌కు,

చదివాను. సంతకం పెట్టలేదు.

152లో ఉన్న లెక్క మాటకు మాట రాసి పంపు. నా దగ్గర పుస్తకం లేదు. ఓదెలు మాస్టర్ కాపీ ఇస్తాడనుకున్నాను. భయపడి మొన్ననే తూకానికి వేశాడట. నిన్న సత్తెమ్మ తెచ్చిన మిరపకాయ బజ్జీలు నా ముప్ఫై ఏడో పేజీలో వచ్చాయి. నూనెలో కూడా ఆ 7 స్పష్టంగా కనిపిస్తోంది.

వ.

*

బెంగళూరు,
21 జూన్ 2025

అమ్మమ్మా,

నామీద కోపం ఓదెలు అన్న మీద చూపించకు. అతనికి స్కూలుకెళ్ళే పిల్లలున్నారు. నీ పట్టుదల నాకు తెలుసు. నా ఉద్యోగం పోతే నీకు తృప్తా? అదైనా సూటిగా రాయి.

నువ్వడిగింది ఇదిగో. అధ్యాయం "ప్రస్తారాలు", 141 నుంచి 168 వరకు. 152వ పేజీ, ఆరో లెక్క: "స్టాఫ్‌రూములో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది లెక్చరర్లు కూర్చోవాలి. వారిలో ఇద్దరు పక్కపక్కన కూర్చోరు. ఎన్ని విధాలుగా కూర్చోవచ్చు?" జవాబు 1440.

శనివారం పొద్దున్నే హైదరాబాద్ వస్తున్నాను. గడువు అప్పటిదాకా పొడిగించారు. ఇదే ఆఖరు.

కేదార్

*

అమీర్‌పేట,
24 జూన్ 2025

కేదార్‌కు,

నాలుగే.

మీ నోటీసు వెనకవైపు ఖాళీగా ఉంటే దానిమీద చేశాను. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చునే విధాలు 5040. ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవి 1440. తీసేస్తే 3600. అదీ జవాబు. మూడు నిమిషాలు పట్టింది. ముప్ఫై అయిదేళ్ళలో ఆ లెక్క నేను చేయడం ఇదే మొదటిసారి.

ఎందుకు చేయలేదంటే, అది నాది కాదు కనక. పుస్తకంలో ఆ ఇరవై ఎనిమిది పేజీలూ హైమవతివి. నీకు తెలియదు. మా కాలేజీలో నా పక్క కుర్చీ ఆవిడది. నోట్సు ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. ఎవరి అధ్యాయాలు వాళ్ళు రాయాలని, ఎవరి తప్పులు వాళ్ళు దాచిపెట్టుకుని క్లాసులోనే చెప్పాలని, రెండోవాళ్ళకు కూడా చెప్పకూడదని అనుకున్నాం. ఆ పద్ధతి నాదని నీకు రాశాను. కాదు, అదీ హైమవతిదే. తొంభైలో వాళ్ళాయనకు వరంగల్ బదిలీ అయింది. ప్రస్తారాలు నా దగ్గర ఉంచి వెళ్ళింది. ఇక్కడ ట్యుటోరియల్ వాళ్ళు, పుస్తకం ఒకే చేతిరాతలో ఉంటే బాగుంటుందన్నారు. ఒకే చేతిరాత అయ్యాక, ఒకే పేరు కూడా బాగుంటుందన్నారు. కాదనలేదు. నేను దింపుకున్నాను, నీలం సిరాతో. అలసిపోయి ఉన్నాను కానీ అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

రెండేళ్ళకు తిరిగొచ్చి షాపులో ఆ పుస్తకం కొనుక్కుంది. స్టాఫ్‌రూములో నా ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"152వ పేజీ చూశావా, వరం?"

"చూశానే, లెక్క భలే కట్టావు. ఆ ఇద్దరూ మనమేనా?" అన్నాను.

గట్టిగా నవ్వింది. మర్నాటి నుంచి కిటికీ పక్కకు మారిపోయింది. పేరు లేకపోయినా నవ్వేసిందని, పెద్ద మనసని అనుకున్నాను. కుర్చీ మారడం ఒక్కటే చిన్నతనమనిపించింది. ఇన్నాళ్ళూ అందరికీ అలాగే చెప్పాను. 1440తో ఆవిడ వేసిన వలలో నిలబడి ఆవిడ లెక్క మెచ్చుకున్నానని నిన్న తెలిసింది. కావాలంటే ఆరోజే ప్రిన్సిపాల్ గదిలోకి ఆ పేజీ పట్టుకుపోయి ఉండేది. పోలేదు. నాకు తెలుస్తుందేమోనని చూసి ఉంటుంది. ముప్ఫై మూడేళ్ళు చూసింది.

ఇంకొకటి కూడా రాయాలి. రాగసుధ అని ఒక పిల్ల ఉండేది, రెండో బెంచీ. "మేడం, నాకు 3600 వస్తోంది" అని నోట్సు పట్టుకుని వచ్చింది. "పుస్తకంలో ఉన్నది రాయి, అతి తెలివి వద్దు" అని కూర్చోబెట్టాను. ఆ అధ్యాయం ఎప్పుడూ ఇంటి దగ్గర చేసుకోమని వదిలేసేదాన్ని. ఆవిడ లెక్కలు బోర్డు మీద వేయడానికి చెయ్యి వచ్చేది కాదు. పాపభయమేమీ కాదు, పేరాశ ఉన్నచోట అది ఉండదు. ఊరికే రాలేదు, అంతే. ఆ పిల్ల మళ్ళీ ఏదీ అడగలేదు.

ఎక్కడినుంచి వచ్చిందన్నది ప్రశ్న అన్నాడు కదా మీ లాయరు. అతనికి జవాబు విడిగా రాసి సంతకం చేశాను, జతచేస్తున్నాను. 141 నుంచి 168 వరకు నావి కావు, నావి కానివి నేను మీకు రాసిచ్చినా చెల్లదు. మిగతా 184 పేజీలు మీవే, చదవకుండా సంతకం పెట్టాను కనక. పుస్తకమంతా తమదేనని చెప్పి ఇచ్చిన నోటీసు అబద్ధమైంది, ముందు అది వెనక్కి తీసుకోమను. "స్వంత రచన" కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఓదెలు గట్టెక్కేవాడు, నీ ఉద్యోగం నిలిచేది, నా పేరు మీ యాప్‌లో వెలిగేది. మూడు రోజులు దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. రెండుసార్లు పెన్ను మూత తీశాను. ఇది కూడా తెలుసుకో.

నీ మీద కోపం లేదు. నీకు నేర్పింది నేనే అని ఇప్పుడు తెలిసింది. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు.

ఈ ఉత్తరం కూడా ఓదెలే స్కాన్ చేస్తాడు. చదువుతాడు. చదవనీ. ఇన్నాళ్ళూ దొంగ అన్న మాట మోసింది అతను.

శనివారం వచ్చేటప్పుడు అసలు పుస్తకం తీసుకురా. ఇంటికి రాకుండా ముందు ఓదెలు షాపుకు వెళ్ళు. బైండింగు దారం కత్తిరించొద్దని చెప్పు, మెల్లగా లాగితే వస్తుంది. 141 నుంచి 168 వరకు విడదీయించి, పెద్ద ఖాకీ కవర్లో పెట్టు. 1440 మీద గీత పెట్టకు, దిద్దకు. ఎర్రమంజిల్‌లో హైమవతి వాళ్ళబ్బాయి కృష్ణమోహన్ క్వార్టర్సు, వెనక గేటు నుంచి మూడో బ్లాకు, కింది ఇల్లు. రెండింటి దాకా పడుకుంటుంది, మూడింటికి వెళ్ళు. కొడుకు చేతికో కోడలి చేతికో ఇవ్వకు, ఆవిడ చేతికే ఇవ్వు. ఎవరు పంపారని అడిగితే నా పేరు చెప్పు. నా తరఫున క్షమాపణలు గట్రా చెప్పకు, నీకు రావు. 152 తీసి చూసుకునేదాకా నిలబడి, ఏమీ అనకపోయినా వచ్చేయి. ఏదైనా రాసిస్తే మడత విప్పకుండా తే.

తిరిగొచ్చేటప్పుడు పంజాగుట్ట మందుల షాపులో చెవి మిషను బ్యాటరీలు ఒక అట్ట తీసుకో. పదమూడో నంబరువి, నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది. ఆవిడ ఫోను చేస్తుందని కాదు. స్టిక్కరు పీకకుండా తీసుకురా, పీకితే గాలి తగిలి అప్పటినుంచే అయిపోవడం మొదలుపెడతాయి.

వరలక్ష్మి